ఆంజనేయుడి నడక

చెప్పులు అరుగు కిందే విప్పండి. లోపల నేలంతా తోళ్ళు ఆరుతున్నాయి, కాలు పెట్టేముందు చూసుకోవాలి. సాయంత్రం ఐదున్నర అయింది. ఎండ ఇంకా గడప దాటి పోలేదు. ఇది శ్రీ సత్యసాయి జిల్లా, ధర్మవరం మండలం, నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మనం వచ్చిన ఇల్లు ఆయనది కాదు. ఇక్కడ ఉండేది ఇంకో పెద్దాయన, ఆయన కొడుకు, కోడలు, డిగ్రీ చదివిన మనవరాలు. వాళ్ళలో వాళ్ళు ఆరె మరాఠీ మాట్లాడుకుంటారు. మనతో అనంతపురం తెలుగు. బొమ్మల ముందు కూర్చుంటే ద్విపద.

ఉడకేసిన శెనక్కాయల గిన్నె మన మధ్య పెట్టి, ఆ పాప ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఆరు పేజీల గ్రాంటు దరఖాస్తు. టౌన్‌లో నెట్ సెంటరాయన టైపు చేసి ఇచ్చాడట. గడువు ఎల్లుండి రాత్రితో అయిపోతుంది.

మొదటి వాక్యం చూడండి: భారతీయ సంస్కృతి అతి ప్రాచీనమైనది. రెండోది: అందులో తోలుబొమ్మలాట అంతరించిపోతున్న అపురూప కళ. మూడో వాక్యంలో పద్మశ్రీ. నాలుగో వాక్యంలో, కావున దయతో ప్రోత్సహించగలరని ప్రార్థన. ఆరు పేజీలూ ఇదే ధోరణి. మధ్యలో ఎక్కడా మనిషి లేడు, బొమ్మ లేదు, తేదీ లేదు. చివరి పేజీలో మాత్రం ఒక పెద్ద అంకె ఉంది. మొత్తం ఖర్చు, ఒకే వరుసలో.

కొన్నేళ్ళ కిందట ఒక ఎంపిక బల్ల దగ్గర కూర్చున్నాను. మూడు రోజులు కట్టలు కట్టలుగా దరఖాస్తులు చదివాం. సగానికి సగం ఈ వాక్యంతోనే మొదలయ్యాయి. కూచిపూడి అయినా, చెక్కభజన అయినా, చెరియాల బొమ్మ అయినా అదే వాక్యం. చదివేవాళ్ళకు కళ మీద ప్రేమ లేక కాదు. ప్రేమ ఉండబట్టే ఆ బల్ల దగ్గరికి వచ్చారు. ఏ దరఖాస్తుకైనా అతికే వాక్యం చదివాక, ఈ మనిషి ఎవరో, ఏం చేయబోతున్నాడో వాళ్ళకు తెలిసే దారి లేదు. కళ గొప్పదని వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. డబ్బు చేతికొచ్చాక ఈ మనిషి ఏం చేస్తాడన్నదే వాళ్ళు వెతుకుతారు.

"బాగలేదా సారూ?" అన్నాడు పెద్దాయన, నా ముఖం చూసి.

"బాగానే ఉంది తాతా. నువ్వు మాత్రం ఇందులో లేవు."

ఆయన నవ్వలేదు. శెనక్కాయ వలిచి మనవరాలి చేతిలో పెట్టాడు.

నేను కాగితాలు పక్కన పెట్టి ఒక్కటే అడిగాను. "డబ్బొచ్చింది అనుకో తాతా. మర్నాడు పొద్దున్నే లేచి మొదట ఏం చేస్తావు?"

ఆయన చాలాసేపు పలకలేదు. పక్కింట్లో ఎవరో ల్యాంప్‌షేడ్ తోలుకు చిల్లులు కొడుతున్నారు, ఉలి మీద టకటక వినిపిస్తోంది. ఈ ఊరికి ఇప్పుడు అన్నం పెడుతున్నది ఆ పనే. ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు, తలుపులకు వేసే పలకలు. ఎగ్జిబిషన్లకు పోతాయి, ఊళ్ళు దాటి పోతాయి. ఆంధ్రా తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చేసే చేతులు ఉన్నాయి. ఆడించే చేతులే తగ్గిపోయాయి.

పెద్దాయన లేచి లోపలికి పోయాడు. మీరూ రండి, గడప దగ్గర తల వంచుకోండి. మూలన పాత వెదురు పెట్టె ఉంది. మూత తీసి, పైన కప్పిన గుడ్డ మడిచి, ఒక్కో బొమ్మనూ పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పుతున్నాడు. సీతమ్మ. జుట్టుపోలిగాడు. బంగారక్క. రావణుడి తలలు. అడుగున ఉన్న ఆంజనేయుణ్ణి రెండు చేతులా ఎత్తి పట్టుకుని వెలుగులోకి తెచ్చాడు.

దగ్గరికి రండి, చూడండి. మనిషంత ఎత్తు. ఒక్క తోలు చాలదు, మూడు మేకతోళ్ళు కలిపి కుట్టింది. వెంట్రుక గీకి, సాగదీసి ఆరబెట్టిన తోలు గనక వాకిట్లో ఎండకు అడ్డం పెట్టగానే ఒళ్ళంతా వెలిగింది. ఆకుపచ్చ రంగు రెండు పక్కలా పట్టి ఉంది. చెవిపోగు చుట్టూ కొట్టిన చిల్లుల్లోంచి వెలుతురు జారి ఆయన బనీను మీద చుక్కలుగా పడింది. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర, మోకాళ్ళ దగ్గర దారం ముడులు. నడుము దగ్గర కుట్టు వదిలేసి, కింది సగం ఒక పక్కకు వేలాడుతోంది.

"దీనికి రెండు నడకలుండాయి సారూ," అన్నాడు. "లంకలోకి పోయేటప్పుడు ఒక నడక. సీతమ్మను చూసినాక ఇంకో నడక. మా పిల్లోళ్ళకి రెండూ ఒగటే."

"అదెట్లా తాతా?"

తెర లేదు కదా. కోడలు దండెం మీది తెల్ల పంచె తీసి ఇచ్చింది. కొడుకూ మనవరాలూ చెరో కొసా పట్టుకున్నారు. వెనక సెల్‌ఫోన్ లైటు. ఆయన ఒక చేత్తో నడుము బద్ద, ఇంకో చేత్తో చేతికర్రలు పట్టుకున్నాడు. మొదటి నడకలో బొమ్మను గుడ్డకు జానెడు వెనక్కి ఉంచాడు. నీడ మసకగా, అంచులు కరిగి, తెర కిందనే పాకుతూ పోతోంది. అడుగు పడీ పడనట్టుంది. దొంగచాటు నడక. తర్వాత ఒక్క క్షణం ఆగి, బొమ్మను గుడ్డకు ఆనించాడు. రంగులన్నీ ఒక్కసారిగా తేరాయి. మడమ నేలకు కొట్టాడు. కింద చెక్క ఉంటే ఆ చప్పుడు ఇల్లంతా మోగేది. నడుము తెగి ఉన్నా ఆంజనేయుడు ఛాతీ విరుచుకుని నడిచాడు.

పంచె పట్టుకున్న పాప తాత ముఖం వంక చూస్తోంది. "ఇది నాకెప్పుడూ చెప్పలేదే తాతా," అంది.

"నువ్వెప్పుడు అడిగినావు?"

నోట్‌బుక్ తెరిచాను. దరఖాస్తు ఇక్కడ మొదలవుతుంది.

పాప ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. ఆయన చెప్పింది చెప్పినట్టే టైపు చేయమన్నాను. లంకలోకి పోయే ఆంజనేయుడి నడక వేరు, సీతమ్మను చూసినాక తిరిగొచ్చే నడక వేరు. ఈ తేడా తెలిసినోళ్ళం మా బంధువుల్లో ముగ్గురం ఉన్నాం. ముగ్గురికీ అరవై దాటింది. మా ఇళ్ళలో పిల్లలకు బొమ్మ కోయడం వచ్చు, ఆడించడం రాదు. పది నెలల్లో ఎనిమిది మందికి సుందరకాండ ఆట మొత్తం నేర్పి, మూడు రాత్రులు మూడు ఊళ్ళలో వాళ్ళ చేత ఆడించాలని ఉంది.

ఐదు వాక్యాలు. పాత ఆరు పేజీల్లో లేనిదంతా ఇందులో ఉంది. ఎవరు, ఏది, ఎందుకు ఇప్పుడే, ఎంతమందికి, ఎన్నాళ్ళలో, చివరికి ఏం కనిపిస్తుంది.

"మన యాస చూసి నవ్వరా సార్?" అని పాప అడిగింది.

నవ్వరు. ఈ దరఖాస్తు బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్‌కు పోతోంది. 1993లో ఏర్పడిన సంస్థ, 1995 నుంచి గ్రాంట్లు ఇస్తోంది. ప్రతిపాదన ఏ భారతీయ భాషలో రాసినా తీసుకుంటారు. ఆ సంగతి తెలియక ఎంతమంది కళాకారులు తమకు రాని ఇంగ్లీషులో ఇంకొకరి చేత రాయించుకుని, తమ మాట పోగొట్టుకుంటున్నారో తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. సుందరకాండ నోటికొచ్చిన మనిషి తన పని గురించి చెప్పుకోలేక నెట్ సెంటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడాలా?

ఎక్కడికి రాయాలన్నది నిన్ననే ఫోన్‌లో తేల్చుకున్నాం. దానికే సగం రోజు పట్టింది, అయినా వృథా కాలేదు. కేంద్ర సాంస్కృతిక శాఖ రెపర్టరీ గ్రాంటులో గురువుకు నెలకు 15,000 రూపాయలు, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా ఉంది. అది బృందాలకు. రిజిస్ట్రేషన్, ఆడిట్ లెక్కలు, ఎన్జీవో దర్పణ్ నంబరు కావాలి. ఈ ఇంటికి సొసైటీ లేదు. ఉత్తుత్తిగా ఇప్పుడొకటి పెట్టడం నాకు ఇష్టం లేదు. సీనియర్ ఫెలోషిప్ ఉంది, నలభై దాటినవాళ్ళకు నెలకు 20,000, రెండేళ్ళు. అది ఒక్క మనిషి చేసే అధ్యయనానికి ఇచ్చేది. తాతకు కావలసింది ఎనిమిది మంది పిల్లలు. పాపకు మాత్రం యువ కళాకారుల స్కాలర్‌షిప్ సరిపోతుంది. 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకు నెలకు 5,000, రెండేళ్ళ పాటు. అది వేరే దరఖాస్తు, వేరే రోజు కూర్చుందాం. పథకం దేనికి ఇస్తుందో చదవకుండా రాసిన దరఖాస్తు ఎంత బాగున్నా తప్పు ఇంటి తలుపు తట్టినట్టే.

చీకటి పడింది. కోడలు రాగిసంగటి ముద్దలు, ఊరుబిండి తెచ్చింది. తిందాం, తింటూనే లెక్కలు.

నిజానికి బడ్జెట్టే ఈ దరఖాస్తుకు ప్రాణం. పైన రాసిందంతా ఎవరైనా రాయొచ్చు. పని ఎప్పుడైనా చేశాడో లేదో ఖర్చు రాసేటప్పుడు బయటపడుతుంది. పాత కాగితంలో ఒకే వరుసలో ఉన్న పెద్ద అంకెను చెరిపేశాం.

"వారానికి ఎన్ని సాయంత్రాలు తాతా?"

"మూడు. అంతకన్నా పెడితే రారు. పొద్దస్తమానం ల్యాంపుల పని చేసి ఉంటారు."

వారానికి 3, నలభై వారాలు. 120 సాయంత్రాలు. ఈ 120 చుట్టూనే అన్నీ తిరుగుతాయి. ఆ సాయంత్రాలు పిల్లలు ల్యాంప్‌షేడ్ పని మానుకుని రావాలి. మానుకున్న పనికి కూలి పోతుంది. ఈ మాట కొడుకు చెప్పాడు, అప్పటిదాకా అతను నోరు తెరవలేదు. "నేర్చుకోను రమ్మంటే వస్తారు సార్ రెండు వారాలు. ఆ తర్వాత వాళ్ళమ్మ రానీదు. ఇంట్లో గడవాల కదా." కాబట్టి పిల్ల ఒక్కరికి సాయంత్రానికి 100 రూపాయలు. ఎనిమిది మందికి 96,000. ఆ వరుస పక్కనే కొడుకు చెప్పిన కారణాన్నే రెండు ముక్కల్లో రాయించాను. ఎంపిక బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఆ రెండు ముక్కల దగ్గర ఆగుతారు. ఈ ఇంటి సంగతి తెలిసినవాడు తప్ప ఇంకొకడు రాయలేని వాక్యం అది.

మద్దెలాయన, హార్మోనియమాయన 120 రోజులూ అక్కర్లేదు. మొదటి నాలుగు నెలలు మాట, నడక, చేతి కర్రలే. ఐదో నెల నుంచి వాళ్ళు కావాలి. అది కూడా రాశాం. పది నెలల పట్టికలో ఐదో నెల దగ్గర పాప మద్దెల అని పెట్టింది, బడ్జెట్‌లోనూ మద్దెల ఖర్చు ఐదో నెల నుంచే. ఒకచోట రాసింది ఇంకోచోట పలకాలి. పని వివరంలో కొత్త బొమ్మల మాట లేకుండా ఖర్చులో తోళ్ళు కనిపిస్తే, చదివేవాడి చేతిలో పెన్ను అక్కడ ఆగిపోతుంది.

తోళ్ళు ఎన్ని? ఆయన వేళ్ళ మీద లెక్క పెట్టాడు. పాత బొమ్మలు పద్నాలుగు బాగుచేయాలి, కుట్లు, అతుకులు. కొత్తవి ఆరు. సీతకు ఒకటి సరిపోతుంది. రావణుడికి నాలుగు. తోళ్ళు తెచ్చే మనిషికి అక్కడి నుంచే ఫోన్ చేసి ఇవాళ్టి ధర అడిగాం, అదే రాశాం. ఊహించి రాసిన అంకె గుండ్రంగా ఉంటుంది. అడిగి రాసిన అంకెకు చిల్లర ఉంటుంది.

ఇక ఆయన జీతం దగ్గర పేచీ వచ్చింది.

"నేను నేర్పేదానికి దుడ్డేంది సారూ? మా నాయన నా దగ్గర తీసుకున్న్యాడా?"

ముద్ద పక్కన పెట్టి గట్టిగానే అన్నాను. పల్లెల్లో కళాకారులు తమ పేరు ఎదురుగా సున్నా రాసుకోవడం ఎన్నోసార్లు చూశాను. చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. హాలు అద్దె రాస్తారు, బ్యానర్ రాస్తారు, మైకు రాస్తారు, ముఖ్య అతిథికి శాలువా రాస్తారు. యాభై ఏళ్ళ విద్య చేతిలో ఉన్న మనిషికి ఏమీ ఉండదు. సర్కారే గురువుకు నెలకు 15,000 అని రాసిపెట్టింది కదా తాతా, నువ్వు ఇవ్వమంటే తప్పేంటి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. చివరికి కోడలు అంది, వాకిట్లో గిన్నెలు తోముతూనే, వెనక్కి తిరగకుండా: "మామా, ఆ మూడు సాయంత్రాలు నువ్వూ తోలు గీకేది మానుకుంటావు కదా. అది ఎవరిస్తారు?"

నెలకు 10,000 అని రాశాం. ఆయన ఆ వరుస చూడలేదు.

భోజనాలయ్యాక కాగితాలు. ఇక్కడ తొందరపడొద్దు. నాలుగేళ్ళ కిందట నేనొక కోలాటం బృందానికి దరఖాస్తు రాశాను. రాత బాగుందని మెచ్చుకున్నారు. కానీ బ్యాంకు ఖాతాలో ఒక పేరు, గుర్తింపు కార్డులో ఇంటిపేరు ముందు పెట్టిన ఇంకో పేరు. డబ్బు ఆగిపోయింది. సరిచేసే లోపు ఆర్థిక సంవత్సరం అయిపోయింది. ఆ పిల్లలు ఏడాది పాటు నన్నడుగుతూనే ఉన్నారు. అప్పటి నుంచి ఏదైనా పంపే ముందు పాస్‌బుక్ అడుగుతున్నాను. తాత పాస్‌బుక్‌లో, ఆధార్‌లో, పాన్‌లో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉందో లేదో పాప గట్టిగా చదువుతోంది, నేను వింటున్నాను. ఉంది.

ఫొటోలు నలభై ఉన్నాయి. అన్నీ సన్మానాలవి. శాలువా, దండ, వరుసగా నిలబడ్డ పెద్దమనుషులు, మధ్యలో తాత. వాటిలో ఒకటి ఉంచాం. మిగతా చోట ఇందాకటి పంచె తెర. పాప మళ్ళీ లైటు పెట్టింది, కొడుకు ఫోన్ పట్టుకున్నాడు. రెండు నడకలూ వరుసగా తీశాం. ఒకసారి తెర ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి, ఆయన చేతులు కనిపించేలా. రెండు నిమిషాల ఇరవై సెకన్లు. సంగీతం కలపలేదు, పేర్లు వేయలేదు. మడమ నేలకు తగిలిన చప్పుడు బాగా వినిపిస్తోంది.

రాత్రి తొమ్మిదిన్నర. ఇప్పుడు మొత్తం పైకి చదవాలి. రాసినవాడు చదవకూడదు, చేయబోయేవాడే చదవాలి. పాప స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవి చేసింది. తాత కళ్ళద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాడు. మొదటి పేజీ తన గొంతే గనక గబగబా సాగిపోయింది. రెండో పేజీ మధ్యలో ఆగాడు.

"కళా పరిరక్షణ దిశగా అంటే యాదిక్కు?"

అది నేను రాసింది. ఎంత జాగ్రత్త పడ్డా వేలి వెంట వచ్చేస్తుంది. పాప ఆ మాట మీద కర్సర్ పెట్టి నా వైపు చూసింది. తీసెయ్ అన్నాను. దాని చోట ఏం రాయాలని తాతనే అడిగాను.

"పిల్లోళ్ళు మూడో రాత్రి నేను లేకుండా ఆడతారు. నేను జనంలో కూర్చోని చూస్తా. అట్లా రాయి."

పాప వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత టైపు చేసింది. ఫలితం అన్న గడిలో ఇప్పుడు ఆ రెండు వాక్యాలే ఉన్నాయి. లోతుగా ఆలోచించి రాసినా నాకు ఇంతకంటే దొరికేది కాదు. నిధి ఇచ్చినవాళ్ళు మూడో రాత్రి వచ్చి చూసుకోవచ్చు, తాత తెర వెనక ఉన్నాడా, ముందున్నాడా అని.

ఆయన చివరిదాకా చదివాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. పంపిద్దామా అని పాప అడిగింది. ఆయన వీధి వైపు చూస్తున్నాడు. ఎదురింటి అరుగు మీద పన్నెండేళ్ళ పిల్ల ఒకతి, మనం వచ్చినప్పటి నుంచి అక్కడే కూర్చుని ఉంది. పంచె తెర మీద రెండో నడక వచ్చినప్పుడు లేచి నిలబడింది, మీరు గమనించారో లేదో.

"ఎనిమిది మందని రాసినారు కదా," అన్నాడు తాత. "తొమ్మిదని రాయండి."

పాప నిట్టూర్చి క్యాలిక్యులేటర్ తెరిచింది. తొమ్మిది మంది, 120 సాయంత్రాలు, వందేసి. 1,08,000. కింద మొత్తం మారాలి. పని పట్టిక మారాలి. మొదటి పేజీ ఐదో వాక్యం మారాలి. ఎనిమిది అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతుకుతున్నాం. ఇప్పటికి ఏడు చోట్ల దొరికింది. గిన్నెలో ఇంకా శెనక్కాయలున్నాయి, ఇటు జరపండి.